మీటరు కంటికి బొట్టు

ఆ రోజుల్లో చేవెళ్ల నుంచి సిటీకి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, లోకం ఎటు పోతున్నదో తెలిసిపోయేది. నిన్న కాలీఫ్లవర్ ఉన్న చేనులో ఇవాళ రాతి కడీలు పాతేవారు. వారం తిరిగేసరికి కంచె, నెల తిరిగేసరికి గేటు, గేటు మీద ఇంగ్లీషులో ఏదో పూల పేరు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు సిటీకి ఆ పక్కన లేస్తుంటే, వాటిలో పనిచేసేవాళ్లు ఈ పక్కన మొయినాబాద్ దాకా వచ్చి తోటలు కొనుక్కునేవారు. మా వైపు మనుషులు భూమి కొన్నవాళ్లు, భూమి అమ్మినవాళ్లు అని రెండు జాతులుగా చీలిపోయారు. (మేం రెండింటిలోనూ లేము. చేవెళ్ల బజారులో మాది కిరాణా దుకాణం. కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఉప్పూ పప్పూ కావాల్సిందే కాబట్టి మాకు ఎవరితోనూ పేచీ లేదు.) ఆ రెండు జాతులకూ ఉమ్మడిగా ఉన్న కోరిక ఒక్కటే, గోడంత టీవీ. తోటలో మామిడి మొక్క మోకాలెత్తు రాకముందే ఇంట్లోకి టీవీ, దాని చుట్టూ అయిదారు స్పీకర్లు దిగేవి. ఆ టీవీలే నాకు అన్నం పెట్టాయి. నా తలపొగరు పెరగడానికి కూడా అవే కారణం కాబట్టి ఆ సంగతి దాచకుండా చెప్పుకోవాలి.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. దుకాణంలో తనకు తోడుగా కూర్చుంటానని మా నాయిన ఆశ. నేనేమో సిటీలో హోం థియేటర్లు అమ్మే ఒక షాపులో చేరాను. ఆ షాపు యజమానిని మేమంతా చాటుగా కొలతల సారు అనేవాళ్లం. ఆయన ఎక్కడో బయటి దేశానికి పోయి టీవీలను కాలిబ్రేట్ చేసే విద్య నేర్చుకొచ్చాడు. కొత్త టీవీని కంపెనీవాళ్లు షాపులో నలుగురి కళ్లూ పడాలని వెలుగూ రంగూ విపరీతంగా పెంచి పంపుతారు. ఇంటికి తెచ్చుకున్నాక అందులో గడ్డి మరీ పచ్చగా, మనుషులు మరీ ఎర్రగా కనిపిస్తారు. అప్పుడు కాలిబ్రేషన్ చేసేవాడు పోతాడు. పోయి, గదిని చీకటి చేసి, తెర నడిమధ్యన ఒక మీటరును వేలాడదీసి, దాని వైరు ల్యాప్‌టాప్‌కు తగిలిస్తాడు. తెర మీద నలుపు నుంచి తెలుపు దాకా ఒక్కొక్క బూడిద రంగు పలకనే చూపిస్తూ, అందులో ఎరుపెంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత ఉన్నాయో మీటరుతో కొలుచుకుంటూ, తెలుపు అసలైన తెలుపు అయ్యేదాకా సరిచేస్తాడు. చివరికి ఒక ఫారం మీద అంకెలన్నీ నింపి, సంతకం పెట్టి ఇస్తాడు. దాని నకలు ఒకటి తన దగ్గర పెట్టుకుంటాడు. రెండు మూడు గంటల పని. కానీ చేసేవాడి ముఖం చూస్తే ఎవరికో గుండె ఆపరేషన్ జరుగుతున్నదనుకోవాలి.

కొలతల సారు నాకు మీటరు పట్టుకోవడం కంటే ముందు రెండు మాటలు నేర్పాడు. మొదటిది నాకోసం. "కంటిని నమ్మకు, మీటర్‌ను నమ్ము. కన్ను దొంగది, దేనికైనా అలవాటు పడతది." రెండోది కస్టమర్లకు చెప్పడానికి. పని అయ్యాక ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు బొమ్మ బాగా లేదంటారు. అప్పుడు తొణక్కుండా, "రెండు వారాలు ఇట్లనే చూడుండ్రి, మీ కన్ను అలవాటు పడతది. అప్పటికి నచ్చకపోతే ఫోన్ చేయుండ్రి" అనాలి. రెండు వారాల తరువాత ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. ఆ మాటకు అంత బలముందని మురిసిపోయేవాణ్ణే గానీ, ఆ మాట చాటున ఎంత పెద్ద తప్పయినా రెండు వారాలు హాయిగా దాక్కోగలదని నాకు తట్టలేదు.

తెలుపు అంటే ఏమిటో తెలిసినవాణ్ణి చేవెళ్ల మొత్తంలో నేనొక్కణ్ణే అని ఒక నమ్మకం కుదిరింది. మా అమ్మ ఉతికి ఆరేసిన ధోవతిని చూసి, "అమ్మా, ఇది తెలుపు కాదు, నీలం ఎక్కువైంది" అనేవాణ్ణి. అమ్మ ఆ తరువాత రెండు వారాలు నా చొక్కాలు ఉతకడం మానేసింది. బజారులో ఎవరింట్లో టీవీ కనిపించినా నిలబడి తల అడ్డంగా ఊపి, నిట్టూర్చి పోయేవాణ్ణి. పక్క దుకాణంవాళ్లు నాకు టీవీ డాక్టరని పేరు పెట్టారు. అందులో వెక్కిరింపు ఉందని తెలుసుకునేందుకు కూడా నాకు తీరిక లేదు.

ఆ ఏడు దసరాకు కొలతల సారు కుటుంబంతో ఎక్కడికో యాత్రకు పోతూ మీటరును నా చేతిలో పెట్టాడు. పండుగ తరువాత ఒప్పుకున్న రెండు పనులూ మా వైపే ఉన్నాయి, ఒకటి జన్వాడలో, ఒకటి చిన్న మంగళారంలో. "మళ్ల షాపుకు వచ్చి తీస్కపోవుడు ఎందుకు, ఇంటికే తీస్కపో. కానీ బిడ్డ లెక్క చూసుకోవాలె" అన్నాడు. నేను దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని, పెట్టె మీద రెండు చేతులూ వేసి చేవెళ్ల దాకా వచ్చాను. ఇంట్లో అటక మీద పెడితే ఎలుకలు కొరుకుతాయని, బీరువాలో పెడితే తలుపు తగులుతుందని ఆలోచించి ఆలోచించి, అన్నింటికంటే భద్రమైన చోటని దేవుడి గూటి పక్కన పెట్టాను.

పండుగ పొద్దున లేచి స్నానం చేసి వచ్చేసరికి దేవుడి ముందు పీట మీద మా నాయిన తరాజు, తూకం రాళ్లు, గల్లాపెట్టె తాళంచెవి వరుసగా ఉన్నాయి. మా ఇంట్లో దసరాకు పనిముట్లను పూజించడం తాతల నాటి నుంచీ ఉన్నదే. ఆ వరుస చివర నా మీటరు పెట్టెలోంచి బయటపడి పూలదండ వేసుకుని కూర్చుంది. దాని కంటికి, అంటే వెలుతురును లోపలికి తీసుకునే బొటనవేలి గోరంత తెల్లని మూతకు, సరిగ్గా నడిమధ్యన తడిపసుపు, పసుపు మీద ఎర్రగా నిండు కుంకుమబొట్టు. నేను పెట్టిన కేకకు మా నాయిన దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా గిది!" అంటే మా అమ్మ నెమ్మదిగా, "నీ తరాజు గదరా! నాయిన తరాజుకు పెట్టి నీ దానికి పెట్టకపోతె ఎట్ల? కన్నెక్కడున్నదో చూసి మరీ పెట్టిన. మంచిగ కుదిరింది బొట్టు" అన్నది. మా నాయిన కూడా వంగి చూసి, "కుదిరింది" అన్నాడు.

పండుగ పూట తల్లితో కొట్లాడకూడదని ఊరుకున్నాను. ఆమె వంటింట్లోకి పోగానే మీటరును దొడ్లోకి తీసుకుపోయి చేతిరుమాలుతో తుడిచాను. కుంకుమ పోయింది. తడి గుడ్డతో తుడిచాను, పసుపూ పోయింది. మూత తెల్లగానే ఉంది. నిజం చెప్పాలంటే తెల్లగా లేదు, పాత దంతం రంగులో ఉంది. అది మొదటి నుంచీ అట్లాగే ఉందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. (మా అమ్మ ఉతికిన ధోవతిలో నీలం పట్టినవాణ్ణి, నా మీటరు మీద పసుపు పట్టలేకపోయాను. మనసు ఒప్పుకోనిది కన్ను కూడా చూడదేమో.) పసుపు పొర ఉన్న మీటరుకు నీలం రంగు తక్కువగా కనిపిస్తుంది. తక్కువైందని మనం నీలం పెంచుకుంటూ పోతాం. ఈ మాత్రం నాకు పాఠంగా తెలిసిందే. తెలిసినా బుర్రకు ఎక్కలేదు.

ముందు జన్వాడకు పోయాను. అక్కడి ఫారంహౌసు ఒక సాఫ్ట్‌వేర్ సారుది. పని అయ్యాక ఆయనకు ల్యాప్‌టాప్‌లో గీతలు చూపించాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఒకే గీతలా ఉన్నాయి. ఆయన తెర వైపు చూడనే లేదు. "పర్‌ఫెక్ట్! ఇంత నీట్ గ్రాఫ్ నేను మా ఆఫీసులో కూడా చూడలేదు" అని నా చేయి పట్టి ఊపాడు. ఆయన భార్య మాత్రం సినిమా పెట్టి కాసేపు చూసి, "ఎందుకోనండీ, అందరూ చలిలో వణుకుతున్నట్టున్నారు" అన్నది. నేను రెండు వారాల మాట చెప్పాను. భర్త కూడా నాతో కలిసి చెప్పాడు. ఇద్దరు చదువుకున్నవాళ్లు ఒకేసారి చెబితే ఆమె మాత్రం ఏం చేస్తుంది.

మరునాడు చిన్న మంగళారం. మొయినాబాద్‌లో బస్సు దిగితే ఆ ఇంటి కొడుకు మోటర్‌సైకిల్ మీద వచ్చి తీసుకుపోయాడు. రోడ్డు పక్క రెండెకరాలు ఫారంహౌసులవాళ్లకు అమ్మి, మిగిలిన దాంట్లో కూరగాయలు పండిస్తూ కొత్త ఇల్లు కట్టుకున్న కుటుంబం. హాలులో ప్లాస్మా టీవీ ఉంది. దాని పక్క గోడకు ఒక నడివయసు ఆమె ఫోటో వేలాడుతోంది. ఓటరు కార్డు ఫోటోను పెద్దది చేయించినట్టున్నారు, ముఖమంతా చుక్కలు చుక్కలుగా ఉంది. ఎదురుగా కుర్చీలో ఇంటి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేవెళ్ల బజారులో ఫలానా దుకాణం అని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. "సేటు కొడుకువా! మీ నాయిన దగ్గర బెల్లం కొనకుంట నేనెన్నడు అంగడి నుంచి ఇంటికి రాలే. కూసో చిన్న సేటూ, కూసో" అన్నాడు.

సంగతి కొడుకు చెప్పాడు. "టీవీ మంచిదే తమ్మీ, సిన్మాలు మంచిగనే వస్తయి. మా చెల్లె పెండ్లి సీడీ వేస్తెనే తేడా కొడుతున్నది. అందరు మంచిగనే కనవడుతరు, అవ్వ మొఖమే పసుపు రాసినట్టుంటది. ఆ దినం అవ్వ పసుపు సుత రాసుకోలే. బాపు రోజు అన్నం తినంగనే ఆ సీడీనే వేయమంటడు." (మా వైపు పల్లెల్లో అమ్మను అవ్వ అంటారు.) ఆ అవ్వ పోయి అప్పటికి ఏడాది. పెండ్లి అయిన రెండు నెలలకు కామెర్లని తెలిసిందట. దవాఖానకు తీసుకుపోతే లివర్ పూర్తిగా పాడైందన్నారు, ఇరవై రోజుల్లో అంతా అయిపోయింది. "పెండ్లిల ఎంత మంచిగుండె తమ్మీ! ఒక్కతే వెయ్యి మందికి వడ్డించింది. ఆఖరుకు గింత జల్ది పోతదని ఎవలనుకున్నరు" అన్నాడు కొడుకు. పెద్దాయన గోడ మీది చుక్కల ఫోటోను చూపించి, "నాకు సిన్మాలొద్దు, పాటలొద్దు చిన్న సేటూ. మా ఆమెవి ఉన్నయే రెండు, ఆ ఫోటో, ఈ సీడీ. అండ్ల మొఖం ఒక్కటి సరిగ కనవడేటట్టు చెయ్, సాలు" అన్నాడు. టీవీ డాక్టరును కదా, "ఫికర్ చేయకు బాపూ. తప్పు టీవీది, నేను చూసుకుంట" అన్నాను.

పట్టపగలు గది చీకటి చేయాలంటే కిటికీలకు గొంగళ్లు కట్టాల్సి వచ్చింది. తలుపు కింద సందులో సంచులు కుక్కాం. పక్కింటామె ఇంట్లో ఎవరికో బాగాలేదనుకుని పరామర్శకు వచ్చి, తలుపు ఓరగా తీసి తొంగిచూసింది. చీకట్లో నల్లటి తెర నడుమ తాయెత్తులాగా వేలాడుతున్న మీటరు, దాని ముందు కూర్చుని గొణుక్కుంటూ అంకెలు చదువుతున్న నేను. ఆమె రెండు చేతులూ జోడించి, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లిపోయింది. ఆమె నన్ను ఏమనుకుందో నేను అడగలేదు. ఆ గౌరవం మాత్రం నాకు బాగానే నచ్చింది.

మూడు గంటలు గడిచాక గీతలు కలిశాయి. గొంగళ్లు అట్లాగే ఉంచి సీడీ వేశాం. పందిరి, బ్యాండు, చుట్టాలు. కోడలు వెంటనే, "అందరి మొఖాలు నీలంగ లేవా?" అన్నది. కొడుకు కూడా గడ్డం గోక్కున్నాడు. నేను లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. కన్ను దొంగదని, ఇన్నాళ్లూ తప్పుడు రంగులకు అలవాటు పడ్డదని, రెండు వారాలు ఓపిక పడితే దారిలోకి వస్తుందని చెప్పాను. ఇంతలో పెద్దాయన, "ఆపుండ్రి, జర ఆపుండ్రి" అన్నాడు. మమ్మల్ని కాదు, బొమ్మను ఆపమన్నాడు. తెర మీద ఆమె పప్పు బకెట్ పట్టుకుని బంతిలో వడ్డిస్తూ ఎవరినో చూసి నవ్వుతోంది. ఆమె ముఖంలో పసుపు లేదు. నిండుగా, చల్లగా, ఇప్పుడే నిద్ర లేచి ముఖం కడుక్కొచ్చినట్టుంది. పెద్దాయన కుర్చీ అంచుకు జరిగి చాలాసేపు చూశాడు. "గిట్లనే ఉండె" అన్నాడు. తువ్వాలతో కళ్లు తుడుచుకుని, "గిట్లనే ఉండె మా ఆమె. మిగిలినోళ్లు నీలముంటె ఉండనియ్యుండ్రి, వాళ్లు బతికే ఉన్నరు గదా, ఇంటికి పోయి చూసుకుందం" అన్నాడు. మేమంతా నవ్వాం. వచ్చేటప్పుడు ఒక సంచీ నిండా కాలీఫ్లవర్ ఇచ్చారు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా బస్సులో నేను నేల మీద లేను.

పది రోజుల తరువాత జన్వాడ నుంచి షాపుకు ఫోన్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ సారు భార్య. "రెండు వారాలు కాలేదని తెలుసండీ. మాకు అలవాటైపోయింది కూడా. కానీ మా అమ్మ వచ్చింది. టీవీ పెట్టగానే, ఇదేమిటే అందరూ నీళ్లలో పడి తేలినవాళ్లలా ఉన్నారు అంటోంది. ఆవిడ కంటికి కూడా రెండు వారాలు ఇవ్వాలా?" కొలతల సారు ఫోన్ పెట్టేసి మీటరు తెమ్మన్నాడు. షాపులో తాను సరిచేసి పెట్టుకున్న టీవీ మీద వేలాడదీశాడు. అంకెలు చూశాడు, నన్ను చూశాడు. మీటరును తలకిందులు చేసి దాని కంటిని ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాడు. "దీనికి ఏం పెట్టినవ్?" అన్నాడు. షాపులో అయిదుగురు ఉన్నారు. "బొట్టు సార్" అన్నాను. ఆయన స్పిరిట్‌లో దూది ముంచి తుడిస్తే దూది పసుపుపచ్చగా వచ్చింది. నేను ధైర్యం చేసి, "మీరే గదా సార్, కంటిని నమ్మకు, మీటర్‌ను నమ్ము అన్నరు" అన్నాను. "అన్న. మీటర్‌కు పూజ చేయమని అన్ననా?" అన్నాడు. రెండు ఇళ్లకూ పోయి తప్పు ఒప్పుకుని, మళ్లీ మొదటి నుంచీ చేసి, పాత రిపోర్టులు చింపి రమ్మన్నాడు.

జన్వాడ సారు పాత గ్రాఫే బాగుందని కాసేపు వాదించి, అత్తగారి ముఖం చూసి ఒప్పుకున్నాడు. అక్కడ పని సులువుగానే అయింది. చిన్న మంగళారం పోవడానికి మాత్రం నాకు కాళ్లు రాలేదు. పోయేసరికి పెద్దాయన వరండాలో ఇద్దరు చుట్టాలను కూర్చోబెట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, "ఈ పిలగాడే. మా ఆమెను బాగ చేసిండు" అని వాళ్లకు చూపించాడు. ఆయన అన్నది ఆ మాటే, బాగ చేసిండు అని. నేను తల వంచుకుని, నా మీటరు తప్పు చూపించిందని, ఇప్పుడు శుభ్రం చేశామని, మళ్లీ సరిచేస్తానని చెప్పాను. "ఇంక ఏం సరిచేస్తవ్? సరిగనే ఉన్నది గద" అన్నాడాయన. కొడుకు మాత్రం, "చెయ్యనియ్ బాపూ, రేపు చెల్లె వస్తున్నది గద, అందరు నీలంగుంటె నవ్వుతది" అన్నాడు. చెల్లెను ఇచ్చింది చేవెళ్ల అవతలి ఆలూరుకు. కొత్త టీవీ మీద తన పెండ్లి చూసుకోవడానికి ఆమె రావడం అదే మొదటిసారి.

చుట్టాలు వెళ్లిపోయాక మళ్లీ గొంగళ్లు కట్టాం. ఈసారి ఉపన్యాసం లేదు. ఒక్కొక్క పలకనే రెండుసార్లు కొలిచాను. అయ్యాక సీడీ వేశాం. పెండ్లికొడుకు ధోవతి తెల్లగా ఉంది. మల్లెపూలు మల్లెపూల్లాగే ఉన్నాయి. మనుషులు మనుషుల రంగులో ఉన్నారు. ఇంతలో ఆమె పప్పు బకెట్‌తో వచ్చింది. ముఖం పసుపుగా ఉంది. నేను బొమ్మ ఆపి, మీటరు కన్ను మళ్లీ తుడిచి, తెలుపు మళ్లీ కొలిచాను. అంకెల్లో తప్పు లేదు. మళ్లీ బొమ్మ పెట్టి చూశాను. పక్కనున్నవాళ్లందరి కళ్లూ తెల్లగా ఉన్నాయి. నవ్వుతున్న ఆమె కళ్లలో ఉండాల్సిన తెలుపు పచ్చగా ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. నాకంటే ఒక నిమిషం ముందే కోడలికి అర్థమైనట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. టీవీ మొదటి రోజు నుంచీ నిజమే చూపించింది. తప్పు టీవీది కాదు, ఇప్పుడు నా మీటరుదీ కాదు. ఆమె తన బిడ్డ పెండ్లినాటికే జబ్బుతో ఉంది.

పెద్దాయన లేచి తెర దగ్గరికి పోయాడు. అంత దగ్గర నుంచి చూస్తే బొమ్మ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, వెనక్కి రమ్మని చెప్పబోయి ఊరుకున్నాను. "గప్పటికే ఉన్నదన్నట్టు" అన్నాడు. "పెండ్లికి వారం ముంగట నుంచి అన్నం తినలే. ఏందే అంటె పనుల మీద ఆకలైతలేదన్నది. పనుల మీదనే అనుకున్న. దీపం ముంగట కూసోలే, ఎండకు నిలవడలే, ఎప్పుడు సూసినా వంటింట్లనే ఉండె. నాకెందుకు తెల్వలే?" ఆయన ఎవరినీ అడగడం లేదు. నేను చీకట్లో ల్యాప్‌టాప్ మూసి, తెరిచి, మళ్లీ మూశాను. ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలిసిందల్లా రెండు వారాల మాట ఒక్కటే. అది అనలేదు, అంతవరకు దేవుడు నన్ను కాపాడాడు.

కాసేపటికి ఆయన నా వైపు తిరిగాడు. "చిన్న సేటూ, మొన్న పెట్టినట్టె పెట్టు" అన్నాడు. నేను గతుక్కుమన్నాను. "అది తప్పు బాపూ" అన్నాను. "తప్పేనయ్యా, నాకు తెల్వదా. రేపు నా బిడ్డ వస్తది. గిది సూస్తె, నా పెండ్లి ఆగొద్దనే అవ్వ రోగం దాసుకున్నదని తెలుస్తది. నేను ముసలోన్ని, ఓర్సుకుంట. ఆ పిల్ల బతుకంత ఏడుస్తది. నీకు దండం పెడుత, మొన్నటి లెక్కనే పెట్టు." ఆయన నిజంగానే చేతులు ఎత్తబోతుంటే నేను పట్టుకున్నాను. నా సంచిలో పాత రిపోర్టు ఉంది, చింపడానికి తెచ్చుకున్నది. దాన్ని తీసి మోకాలి మీద పరిచి, అందులోని తప్పుడు అంకెలను ఒక్కొక్కటే చూసి టీవీలో ఎక్కించాను. ఒక్క అంకె కూడా అటూ ఇటూ కాకుండా, నా ఉద్యోగంలో ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా చేశాను. బంతిలో కూర్చున్నవాళ్లందరూ మళ్లీ నీలంగా మారారు. ఆమె ముఖం చల్లబడింది. కొలతల సారుకు పని అయిపోయిందని చెప్పాను. అబద్ధమాడానన్న దిగులు మాత్రం ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.

ఆ ఆదివారం నేను దుకాణంలో ఉన్నాను. ఆలూరు బస్సు కోసం చేవెళ్లలో దిగిన ఒకామె వచ్చి మా నాయినను బెల్లం అడిగి, "టీవీలు బాగ చేసేటాయన మీ కొడుకేనా?" అన్నది. నవ్వు చూడగానే గుర్తుపట్టాను, తల్లి నవ్వే. నేను బయటికి వస్తే నన్ను కొంచెం పక్కకు పిలిచింది. "తమ్మీ, బాపు టీవీల అవ్వ మంచిగ కనవడుతున్నది. నువ్వే చేసినవట గద." నేను తలూపాను. "మా పెండ్లి సీడీ ఒకటి ఆలూర్ల మా ఇంట్ల సుత ఉన్నది. చిన్న టీవీలనే కనవడుతది. అవ్వ పోయిన నెలకే నేను చూసిన. కండ్లు చూసిన. బాపుకు చెప్పలే. తెలిస్తె, నా పక్కన పండిన మనిషి రోగం నాకు తెల్వకపాయె అని కుమిలి కుమిలి సస్తడు. జర ఆ టీవీని గట్లనే ఉండనియ్. ఎవలు పిలిచినా సరిచేయకు." ఆ కళ్లు బాపు కూడా చూశాడని నాకు తెలుసు. బిడ్డకు తెలియొద్దని ఆయన బతిమాలిన మాటా గుర్తుంది. "సరే అక్కా" అన్నాను. ఆమె బెల్లం సంచిలో వేసుకుని బస్సుకు పోయింది. ఏమంటున్నదిరా అని మా నాయిన అడిగితే, టీవీ మంచిగ నడుస్తున్నదట అన్నాను.

పెద్దాయన ఇప్పుడు లేడు. ఇది రాసే ముందు ఆలూరుకు ఫోన్ చేసి ఆమె అనుమతి అడిగాను, అప్పుడే మొదటిసారి అసలు సంగతి చెప్పాను. వాళ్ల బాపు ఆ పసుపు చూశాడని, ఆమె కోసమే మళ్లీ నీలంగా పెట్టించాడని. "ఎంత దాసిండు తమ్మీ... అచ్చం అవ్వ లెక్కనే" అన్నది. ఏడుస్తూ నవ్వుతున్నట్టుంది గొంతు. రాసుకో అన్నది.

నేను ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాను. కొత్త మీటర్లు వచ్చాయి, మూడు గంటల పని గంటలో అవుతున్నది. మీటరు పెట్టె విప్పే ముందు ఆ ఇంట్లోవాళ్లు టీవీలో ఎక్కువగా ఎవరిని చూస్తారని అడుగుతాను. పిచ్చి ప్రశ్న అన్నట్టు చూస్తారు. అట్లాంటప్పుడు ఆ ఇరవై రెండేళ్లవాడు గుర్తొస్తాడు. తల్లి ఉతికిన ధోవతికి వంకలు పెట్టినవాడు, తల్లిని పోగొట్టుకున్న ఇంటిల్లిపాదికి కన్ను దొంగదని పాఠం చెప్పినవాడు. వాణ్ణి తలచుకుంటే ఇప్పుడు సిగ్గు కంటే నవ్వే ఎక్కువగా వస్తుంది. అంత వాగుడుకాయ కూడా, ఆ తండ్రి మాట బిడ్డకూ బిడ్డ మాట తండ్రికీ అన్నేళ్లపాటు చేరనివ్వకుండా ఉంచాడు. అందుకని వాణ్ణి క్షమించేశాను.